తెల్లని సాసేజ్ కోడి మాంసం కాదు: మ్యూనిక్ దుకాణంలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక మెట్స్‌గెరైలో పనిచేస్తాను. మాంసం, సాసేజ్‌లు తామే తయారుచేసి అమ్మే దుకాణాన్ని ఇక్కడ అలా అంటారు. చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్లు గాజు అరల ముందు నిలబడి, చూపుతోనే ఏదో ఒకటి తేల్చుకుని వేలు పెట్టి చూపిస్తారు. ఈ వ్యాపారంలో చూపును నమ్మడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

అపోహ: తెల్లగా ఉంటే కోడి, ఎర్రగా ఉంటే గొడ్డు మాంసం.

సాసేజ్ రంగును నిర్ణయించేది జంతువు కాదు, అందులో వేసిన ఉప్పు. మ్యూనిక్‌కు పేరు తెచ్చిన వైస్‌వుర్స్ట్ పాలలా తెల్లగా ఉంటుంది, కానీ అది దూడ మాంసం, పంది కొవ్వు కలిపి చేసినది. మామూలు ఉప్పే వేస్తారు కాబట్టి ఉడికాక రంగు పోతుంది. మన ఇంట్లో ఉడికించిన మటన్ ముక్క కూడా పచ్చిగా ఉన్నప్పటి ఎరుపును నిలుపుకోదు కదా. వీనర్ అనే సన్నని పొడవాటి సాసేజ్ లాంటి వాటిలో, మాంసం చెడకుండా వాడే నైట్రైట్ అనే లవణం కలిసిన ఉప్పు వేస్తారు. అది మాంసంలోని ఎర్రని వర్ణకంతో కలిసి, వేడి తగిలాక గులాబీ రంగుగా స్థిరపడుతుంది. అందువల్ల గులాబీ రంగు టర్కీ సాసేజ్ ఉంటుంది, తెల్లని దూడ సాసేజ్ కూడా ఉంటుంది.

నేను పనిలో చేరిన ఏడాది ఒక తెలుగు విద్యార్థి వైస్‌వుర్స్ట్ చూపించి నాలుగు ఇమ్మన్నాడు. వెనుక వరుస పెద్దగా ఉంది. తూచి ఇచ్చేశాను. వారం తర్వాత వచ్చి, అందులో దూడ మాంసం ఉందన్నది నిజమేనా అని అడిగాడు. అవునన్నాను. అతను ఆ మాంసం తినడు. మళ్లీ మా దుకాణానికి రాలేదు. అప్పటినుంచి, వరుస ఎంత పొడవున్నా, తెలుగు మాట వినిపిస్తే ధర కంటే ముందు జంతువు పేరు చెబుతాను.

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి: రిండ్ అంటే గొడ్డు, కాల్బ్ దూడ, ష్వైన్ పంది, పూటె టర్కీ కోడి, గెఫ్లూగెల్ అంటే కోడి, టర్కీ వంటి పక్షుల మాంసం. పేరులో కాల్బ్ ఉన్నంత మాత్రాన అంతా దూడ మాంసమే అనుకోవద్దు. చాలావాటిలో పంది మాంసం కూడా కలుస్తుంది.

అపోహ: చికెన్ సాసేజ్ అయితే ఏ పట్టింపూ అక్కర్లేదు.

లోపలి మాంసం కోడిదే అయినా కొవ్వు పందిది కావచ్చు. పైతొడుగు పంది పేగో గొర్రె పేగో కావచ్చు. సన్నని సాసేజ్‌లకు సాధారణంగా గొర్రె పేగు వాడతారు. పేగు కాకుండా కొలాజెన్ తొడుగు వాడితే, అది ఎక్కువగా పశువుల చర్మం నుంచి తీసినదే. మాంసం దేనిది, కొవ్వు దేనిది, తొడుగు దేనిది అని మూడు ప్రశ్నలూ అడగండి. మొహమాటం అస్సలు వద్దు. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.

అపోహ: పేరే చెబుతుంది కదా, లోపల ఏముందో!

లెబర్‌కేజె అనే మాంసపు వంటకం పేరుకు మాటకు మాట అర్థం ‘కాలేయపు జున్ను’. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో చేసే దానిలో కాలేయమూ ఉండదు, జున్నూ ఉండదు. పేరుకు ‘టీ సాసేజ్’ అయినా టేవుర్స్ట్‌లో టీ లేదు. బీర్‌షింకెన్ అనే సాసేజ్‌లో బీరు లేదు.

అపోహ: నూరెన్‌బర్గ్ సాసేజ్ వేలంత ఉంటే దుకాణదారుడు మోసం చేస్తున్నట్టే.

ఉండాల్సిన కొలతే అంత. పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు. పంది మాంసం, గొర్రె పేగు, మార్జొరమ్ అనే మరువం ఆకు. 2003 నుంచి దీనికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఉంది. నూరెన్‌బర్గ్ నగరంలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. మన హైదరాబాద్ హలీంకు 2010లో దక్కినది ఇలాంటి గుర్తింపే.

అపోహ: ఏ సాసేజ్ అయినా బాగా మరిగించాలి, లేదా వేయించాలి.

ఇక్కడివాళ్లు సాసేజ్‌లను మూడు రకాలుగా చూస్తారు. సలామీ, టేవుర్స్ట్ వంటివి పచ్చి మాంసాన్ని ఉప్పుతో పులియబెట్టి, ఎండబెట్టి లేదా పొగబెట్టి చేసేవి. వాటిని వండరు. సలామీ తొడుగు మీద సన్నని తెల్లని పొర ఉంటే అది కావాలని పెంచిన బూజు, పాడైనట్టు కాదు. ఆకుపచ్చగానో నల్లగానో నూగులా కనిపిస్తే మాత్రం పారేయండి. పచ్చి మాంసపు రకాలను గర్భిణులు తినకూడదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ప్రమాదం నిజమైనది.

రెండో రకం దుకాణంలోనే వేడినీటిలో ఉడికించి ఇచ్చేవి. వీనర్, వైస్‌వుర్స్ట్ ఈ కోవలోవే. మూడోది ముందే వండిన మాంసం, కాలేయం, రక్తం వంటివాటితో చేసేది.

వైస్‌వుర్స్ట్‌ను మరుగుతున్న నీళ్లలో వేస్తే పగులుతుంది, రుచంతా నీళ్ల పాలవుతుంది. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, కాస్త ఆగి, అందులో పది నిమిషాలు ఉంచండి. తొడుగు తీసేసి తియ్యని ఆవ ముద్దతో (మస్టర్డ్) తినాలి. మధ్యాహ్నం చర్చి గంటలు మోగేలోపే తినాలన్న మాట ఫ్రిజ్‌లు లేని కాలం నాటిది. తెల్లవారుజామున చేసింది ఎండెక్కేసరికి చెడిపోయేది.

అపోహ: నైట్రైట్ విషం, చేతితో చేసిన సాసేజ్ రోజూ తిన్నా మంచిదే.

రెండూ తప్పే. బొటులిజం అన్న జబ్బుకు ఆ పేరు లాటిన్‌లో సాసేజ్ అనే అర్థమున్న ‘బొటులస్’ నుంచి వచ్చింది. పాడైన సాసేజ్‌లు ఒకప్పుడు ప్రాణాలు తీశాయి. ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని నైట్రైట్ అడ్డుకుంటుంది. అదే సమయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్కకట్టింది. ఎంత పేరున్న దుకాణంలో, ఎంత శ్రద్ధగా చేసినా ఈ మాట వర్తిస్తుంది. నేను అమ్మే సరుకే అయినా, మీ పిల్లల డబ్బాలో రోజూ పెట్టమని చెప్పను.

గులాబీ రంగు వీనర్‌ను నిప్పుల మీద కాల్చకండి. తీవ్రమైన వేడికి నైట్రైట్ నుంచి హానికరమైన నైట్రోసమైన్లు ఏర్పడవచ్చు. కాల్చుకోవడానికి నైట్రైట్ లేని బ్రాట్‌వుర్స్ట్ అడగండి. అది ఉడికించినదా, పచ్చిదా అన్నదీ అడగండి. పచ్చిదైతే నేరుగా ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి, అదే రోజు మధ్యలో ఎరుపు పోయేదాకా కాల్చి తినేయండి.