తిప్పి చూస్తే తెలిసే సర్వసమానత్వం: ఆ పాఠం వెనక కథ

ఒకే కొలతలున్న రెండు త్రిభుజాలు బోర్డు మీద గీసి, రెండోదాన్ని కాస్త పక్కకి తిప్పి పెట్టండి. భు.కో.భు. నియమం (రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానమైతే త్రిభుజాలు సర్వసమానం, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా సరిపోతాయి) గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా అక్కడ తడబడతారు, సర్వసమానమే అని ఒప్పుకున్నా ఏ శీర్షం ఎక్కడికి వచ్చిందో తారుమారుగా రాస్తారు. ఇది పిల్లల తప్పు కాదు. బొమ్మని కదపడం అంటే జ్యామితికే చాలా కాలం అనుమానం.

క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ గ్రంథం మొదటి భాగం నాలుగో సిద్ధాంతంలో, అంటే మన భు.కో.భు.లోనే, ఒక త్రిభుజాన్ని తీసుకెళ్లి ఇంకోదాని మీద పెట్టాడు. సరిగ్గా కప్పేసింది కాబట్టి రెండూ సమానం. కానీ ఆ పద్ధతిని ఆ తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చోట్లే వాడాడు. గీసిన బొమ్మని లేపడమేంటి, దారిలో దాని ఆకారం మారదని నమ్మకమేంటి? 1557లో ఫ్రాన్స్‌లో గణితవేత్త జాక్ పెలెటియే ఈ పద్ధతిని గట్టిగానే తప్పుపట్టాడు. చివరికి 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ కదలిక ఊసే లేకుండా, భు.కో.భు.లో ముఖ్యభాగాన్ని స్వీకృతంగా (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాటగా) పెట్టేసుకున్నాడు. మన ఎన్‌సీఈఆర్‌టీ 2006 నాటి తొమ్మిదో తరగతి పుస్తకం కూడా భు.కో.భు.ని స్వీకృతంగానే ఇచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి 1872లోనే జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ చూపించాడు, అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లే: ఏ కదలికలకి ఏవి మారకుండా ఉంటాయో చూడటమే జ్యామితి అన్నాడు. ఆ ఆలోచన బడిదాకా రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది, 1960లలో బ్రిటన్‌లో కొత్త లెక్కల పుస్తకాల్లోకి వచ్చింది. 2010లో అమెరికా బడుల పాఠ్య ప్రమాణాలైన కామన్ కోర్ ఎనిమిదో తరగతికి నేరుగా ఇలాగే చెప్పింది: తిప్పడం, జరపడం, అద్దంలోలా మార్చడం, వీటితో ఒక బొమ్మ ఇంకోదాని మీదికి వస్తే అవి సర్వసమానం.

మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ పాత ఏడో తరగతి పుస్తకంలో సర్వసమానత్వం 7వ అధ్యాయం, భ్రమణ సౌష్ఠవం (తిప్పినా బొమ్మ మళ్లీ అలాగే కనిపించడం) 14వ అధ్యాయం. ఒకే విషయాన్ని ఇంత దూరంగా పెడితే పిల్లలు ఎలా కలుపుకుంటారు? నాకు ఇదే బాధ.

చేసి చూపించడానికి ఒక గళ్ల కాగితం, ఒక ట్రేసింగ్ పేపర్ చాలు. ఏ(1,1), బీ(4,1), సీ(4,3) త్రిభుజాన్ని, రెండు అక్షాలతో సహా, ట్రేస్ చేసి, మూలబిందువు మీద పెన్సిల్ మొన నొక్కిపట్టి, అపసవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పమనండి. ఏ (-1,1)కి, బీ (-1,4)కి, సీ (-3,4)కి వస్తాయి. ఏబీ 3, బీసీ 2, మధ్యలో లంబకోణం, ఏదీ మారలేదు. ఏ శీర్షం ఎక్కడికెళ్లిందో ఇంక బట్టీ పట్టక్కర్లేదు, ఎందుకంటే అది వెళ్లడం వాళ్లే కళ్లారా చూశారు. తర్వాత అదే త్రిభుజానికి అద్దంలో కనిపించే బొమ్మ గీసిచ్చి, దీనిమీదికి తిప్పమనండి. ఎన్నిసార్లు తిప్పినా కలవదు. కాసేపటికి ఎవరో ఒకరు కాగితాన్ని ఎత్తి బోర్లా వేస్తారు.