చదువు పేరుతోనే ఇంట్లోకొచ్చిన ఫోన్

విజయవాడ, గుంటూరుల్లో హైస్కూలు పిల్లలున్న చాలా ఇళ్లలో సాయంత్రం ఏడు దాటితే ఒకటే గొడవ. "ఆ ఫోన్ పక్కన పెట్టు" అని అమ్మ. "హోంవర్క్ ఇందులోనే ఉందమ్మా" అని పిల్లాడు. ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. చదువుకీ సోషల్ మీడియాకీ ఇల్లు ఒకటే అయిపోయింది, ఆ ఇంటి తలుపు తీసింది పెద్దవాళ్లే. అది ఎలా జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1980ల్లో ఎంసెట్ వచ్చాక ఈ ప్రాంతం ఇంజనీరింగ్, మెడిసిన్ కోచింగ్‌కు పెట్టింది పేరయింది. గుంటూరులో విజ్ఞాన్, విజయవాడలో 1986లో ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైన శ్రీచైతన్య, వాటి వెనకే మరెన్నో. ఈ పద్ధతికి ఆయువుపట్టు హాస్టల్. తెల్లవారకముందే లేపడం, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు. టీవీ ఉండదు, సినిమా ఉండదు. ఇంటికి ఫోన్ చేయాలన్నా వరుసలో నిలబడాల్సిందే. పిల్లల ధ్యాస చెదరకుండా చూసే పని కాలేజీది. తల్లిదండ్రులు అంతంత ఫీజు కట్టింది చాలావరకు అందుకే. ర్యాంకులు వచ్చాయి, ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి, కాదనను. కానీ మనసును తనంతట తాను నిలుపుకోవడం ఎలాగో పిల్లలకు ఎవరూ నేర్పలేదు. గోడలు ఆ పని చేస్తున్నప్పుడు నేర్పాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

2000ల్లో విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో నెట్ సెంటర్‌కి వెళ్లి, గంటకింత అని కట్టి అప్పటి సోషల్ మీడియా సైట్ ఆర్కుట్ చూసుకునేవారు. టైమ్ అయిపోతే లేచి రావాల్సిందే. ఎంసెట్ ర్యాంకు చూసుకున్నదీ అక్కడే. తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది, 2014లో ఆర్కుట్ మూతపడింది. అప్పటికీ నెట్ ప్యాక్ ఖరీదే. ఎంబీలు లెక్కపెట్టుకుని వాడుకున్న కాలమది.

ఆ లెక్క 2016 సెప్టెంబర్ 5న జియోతో పోయింది. 2017 మార్చి దాకా డేటా ఉచితం. ఆ ఏడాది డిసెంబర్‌లోనే వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్. ఆ తర్వాత టిక్‌టాక్ తెలుగు ఊళ్లను ఊపేయడం మొదలుపెట్టింది. అయినా పదో తరగతి పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదన్న మాట చాలా ఇళ్లలో ఇంకా నిలిచే ఉంది.

ఆ మాట తప్పిన ఏడాది 2020. మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠం ఫోన్‌లోకి వెళ్లింది. దూరదర్శన్ సప్తగిరిలోనూ పాఠాలు వచ్చాయి, కానీ ప్రైవేటు బడులు జూమ్ లింకులు, వాట్సాప్ గ్రూపులు పట్టుకున్నాయి. అప్పు చేసి మరీ పిల్లలకు ఫోన్ కొన్న కుటుంబాలున్నాయి. జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. పది రోజులు తిరగకుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో దిగింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్. మొదట్లో ఫేస్‌బుక్‌లో స్నేహితులు పెట్టినవి చూసేస్తే కాసేపటికి కొత్తవి ఉండేవి కావు. షార్ట్ వీడియోకి ఆ అంతం లేదు. ఏం కావాలో వెతకక్కర్లేదు, ఎక్కడ వేలు ఆగిందో గమనించి తర్వాతిది అదే తెచ్చి పెడుతుంది. పిల్లల చేతికి చదువు కోసం ఫోన్ వచ్చిన నెలల్లోనే, ఆ ఫోన్‌లోకి అంతులేని ఈ వీడియోల వరస కూడా వచ్చింది. ఈ రెండూ ఒకేసారి జరగడాన్ని మనం సరిగ్గా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో ఆ మార్పు కనిపిస్తుంది. గ్రామీణ భారతంలో బడికెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2021కల్లా 67.6 శాతం. 2024లో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగితే, గడిచిన వారంలో చదువు కోసం ఫోన్ వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. ఇవి పల్లెల లెక్కలు. విజయవాడ కృష్ణలంకలో, గుంటూరు కొరిటెపాడులో ఇంతకన్నా తక్కువ ఉంటుందని నేననుకోను.

ఆ వాడకం చదువును ఎలా దెబ్బతీస్తుందో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల. నాన్న ఆటో నడిపి ఇంటికొచ్చాకే ఫోన్ చేతికొస్తుంది, అప్పటికి రాత్రి తొమ్మిదవుతుంది. స్కూల్ గ్రూపులో సోషల్ నోట్సు పది ఫొటోలుగా ఉంటుంది. వేళ్లతో పెద్దది చేసి ఒక్కో లైనూ చూసి రాసుకోవాలి. మూడో ఫొటోలో ఉండగా పైనుంచి ఒక నోటిఫికేషన్ జారుతుంది, క్లాస్‌మేట్ ఏదో రీల్ పంపింది. చూసి వచ్చేసరికి ఏ లైన్లో ఆగిందో గుర్తుండదు. ఒకసారి ధ్యాస చెదిరాక మళ్లీ పాఠం మీదికి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. ఆ పిల్లకు ఉన్నదే రెండు గంటలు. పదకొండింటికి నోట్సు పూర్తవుతుంది, బుర్రకెక్కింది మాత్రం ఏమీ ఉండదు. తెల్లారి ఫస్ట్ పీరియడ్‌లో నిద్ర. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

ఫలితాలను చూసేటప్పుడూ జాగ్రత్త కావాలి. 2020, 2021లలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2022లో మళ్లీ పెడితే 67.26 శాతం మందే పాసయ్యారు, 2019లో అది 94.88. ఫోన్‌ని తిట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పిల్లలు ఎనిమిదో తరగతి చివర్లో ఇంటికి పంపేసినవాళ్లు. తొమ్మిదో తరగతి సగం, పదో తరగతి మొదలు వాళ్లకు లేవు. పోయిన బడి సంగతి వదిలేసి నింద అంతా రీల్స్ మీద వేస్తే లెక్క తప్పుతుంది.

ఆ తర్వాతా పెద్దవాళ్ల చేతలు పొంతన లేకుండానే నడిచాయి. 2022 డిసెంబర్ 21న, అంతకు కొన్ని నెలల ముందు దాకా గుంటూరు జిల్లాలోనే ఉన్న యడ్లపల్లిలో, ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మొత్తం 5 లక్షలకు పైగా. ఎనిమిది నెలలకు, 2023 ఆగస్టులో, విద్యార్థులు బడికి ఫోన్ తేకూడదని అదే విద్యాశాఖ ఆదేశించింది. బడిలో ఫోన్ వద్దనడం మంచిదే. సాయంత్రం హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లోనే వస్తుంది.

హాస్టల్ పిల్లల కథ వేరు. టర్మంతా ఫోన్ ముట్టరు, దసరాకో సంక్రాంతికో ఇంటికొస్తే రాత్రీ పగలూ అదే. సెలవులు ముగిసి వెళ్లాక మొదటి వీకెండ్ టెస్టులో మార్కులు పడిపోతే కాలేజీ నుంచి అమ్మకు ఫోన్. ఇంటర్ అయ్యి బీటెక్‌లో చేరిన రోజున గోడలు ఒక్కసారిగా పోతాయి. అప్పుడు పడే తిప్పలు ఎవరి ర్యాంకుల ప్రకటనలోనూ కనిపించవు.

చట్టాలూ వస్తున్నాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2025 ఫిబ్రవరిలో మన దేశంలో టీన్ అకౌంట్లు తెచ్చింది, రాత్రి పదింటి నుంచి ఉదయం ఏడింటిదాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. కానీ మన ఇళ్లలో చాలాచోట్ల ఫోన్ నాన్నది, సిమ్ నాన్నది, అకౌంట్ అమ్మ పేరున ఉంటుంది. అటువైపు కంపెనీకి కనిపించేది నలభై ఏళ్ల మనిషి. అక్కడ పిల్లల రక్షణలేవీ పనిచేయవు. ఈలోగా మన బడులు ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. నోట్సు క్లాసులోనే రాయించి, హోంవర్క్ డైరీలో వేయించి, వాట్సాప్ గ్రూపును సెలవుల కబురుకీ ఫీజు కబురుకీ పరిమితం చేయడం. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగేముందు తల్లిదండ్రులు అడగాల్సింది ఇదే.