డాంపర్ ఎక్కించేందుకు సుత్తా, పనిముట్టా: తగవు ముదిరింది కీ పోయిన దగ్గరే

షెవ్రొలే వీ8 ఇంజన్లు విప్పి కట్టే అమెరికా గ్యారేజీల్లో ఒక పాత తగవు మళ్ళీ రాజుకుంది. ఇంజన్ శక్తిని బయటికి తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ (క్రాంక్). దాని ముందు కొసకు బిగుతుగా పట్టే డాంపర్‌ను, అంటే ఆ ఇరుసు వణుకును అణిచే బరువైన చక్రాన్ని, సుత్తితో కొట్టి ఎక్కించవచ్చా, పనిముట్టు పెట్టి నొక్కాల్సిందేనా? కొట్టేవాళ్ళు తమ అనుభవాన్ని చూపిస్తారు. కాదనేవాళ్ళు క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌ను చూపిస్తారు. నిజానికి చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు ఇంజన్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

డాంపర్‌కు 1910లోనే లాంచెస్టర్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. మనకు కావాల్సింది 1955 తర్వాతి సంగతి. ఆ ఏడాది వచ్చిన 265 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ అనే షెవ్రొలే వీ8 మొదలు అరవైల చివరిదాకా, ఆ కుటుంబంలోని చాలా క్రాంకుల కొసకు బోల్ట్ రంధ్రమే లేదు. డాంపర్ నడిమి భాగమైన హబ్ జారిపోకుండా పట్టు బిగుతు ఆపేది, తిరగకుండా కీ (క్రాంక్‌కూ హబ్‌కూ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఉక్కు ముక్క) ఆపేది. మర లేనప్పుడు లాగడానికి ఆధారం ఎక్కడిది? కొట్టక తప్పేది కాదు. తర్వాత 7/16 అంగుళం బోల్టుకు రంధ్రం వచ్చింది, 60 ఫుట్ పౌండ్ల (బోల్టును తిప్పే బలానికి కొలత) బిగింపు వచ్చింది, మర పట్టుకుని నొక్కే పనిముట్టూ వచ్చింది. అలవాటు మాత్రం పోలేదు. కీ ఉంది కాబట్టి చిన్న తప్పులు బయటపడేవీ కావు.

అసలు మలుపు 1997 షెవ్రొలే కార్వెట్ కారుతో వచ్చిన కొత్త వీ8, ఎల్ఎస్1. అందులో డాంపర్‌కు కీ లేదు. డాంపర్ తిప్పే బెల్టు లాగే భారమంతా మోసేవి రెండే: హబ్‌కూ క్రాంక్‌కూ మధ్య బిగుతు, ఎం16 (16 మిల్లీమీటర్ల) బోల్టు నొక్కుడు. అంతకుముందు డాంపర్ ఎక్కితే చాలు. ఇప్పుడు ఎంత బిగుతుగా ఎక్కింది, అడుగుదాకా కూర్చుందా అన్నదే ప్రశ్న. స్మాల్ బ్లాక్ మీద నేర్చిన అలవాటును ఎల్ఎస్ మీదికి తెచ్చినవాళ్ళకు దెబ్బ తగిలింది ఇక్కడే.

సుత్తి దెబ్బ హబ్ దగ్గర ఆగదు. క్రాంక్ వెనక్కి జరిగి ఆ తాకిడంతా థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. స్మాల్ బ్లాక్‌లో అది వెనకనున్న ఐదో మెయిన్‌లో (క్రాంక్‌ను మోసే ఐదు బేరింగుల్లో చివరిది), ఎల్ఎస్‌లో నడిమి మూడో మెయిన్‌లో ఉంటుంది. దెబ్బ బయటి రింగు మీద పడితే ఇంకా అన్యాయం: లోపలి హబ్‌కూ రింగుకూ మధ్య రబ్బరు పట్టు వదులుతుంది, రింగు కొద్దిగా తిరుగుతుంది. టైమింగ్ గీత రింగు మీదే చెక్కి ఉన్న ఇంజనయితే ఆ తర్వాత ఆ గీతను చూపి నిప్పురవ్వ పడే సమయం కొలిచే టైమింగ్ లైట్ అబద్ధం చెబుతుంది. కొట్టేవాళ్ళ పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి: మర రంధ్రం లేని పాత క్రాంకు ఉన్నచోట, హబ్ మీదే ఆనే మందపాటి గొట్టం పెట్టి కొట్టడం తప్ప దారి తక్కువ.

కొట్టడం మానేసినవాళ్ళు చేసే తప్పు మరొకటుంది. అసలు బోల్టుతోనే లాగేస్తారు. డాంపర్ ఇంకా బయటే ఉన్నప్పుడు ఆ బోల్టుకు రెండు మూడు మరలే అందుతాయి. మొత్తం బలం వాటి మీద పడి క్రాంక్ కొసలోని మరలు ఊడొస్తాయి. పొడుగాటి మర కడ్డీ, నట్టు కింద ఆనే తన సొంత బేరింగ్, నట్టు ఉన్న పనిముట్టు చేసేది ఇదే పని, కాకపోతే కడ్డీ ముందుగా పూర్తి లోతుకు దిగి ఉంటుంది. తిప్పాల్సింది నట్టును, కడ్డీని కాదు.

కొలవకుండా ఎక్కించడం ఇంకో జబ్బు. క్రాంక్ కొసను మైక్రోమీటర్‌తో, హబ్ బోరును (లోపలి రంధ్రాన్ని) దాని వ్యాసం కొలిచే డయల్ బోర్ గేజ్‌తో, రెండూ ఒకే వేడిమిలో ఉండగా కొలవాలి. బోరు సుమారు ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, చిన్నదిగా ఉంటే సరిగ్గా పట్టుతుంది. రెండు థౌలు దాటితే హోనింగ్ (బోరును రాయితో కొద్దిగా అరగదీయడం) చేయించాలి. అరథౌ కంటే తక్కువైతే, ముఖ్యంగా కీ లేని ఇంజన్‌లో, ఆ డాంపర్ వద్దు. చేత్తో నెడితే ఎక్కిపోయిందని సంబరపడాల్సిన పని లేదు.

వేడి చేయడం సాయపడుతుంది. ఒకటింపావు అంగుళాల ఉక్కు బోరును 80 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తే ఒక థౌ పైచిలుకు విప్పారుతుంది, బిగుతంతా దాదాపు మాయమవుతుంది. కానీ రబ్బరున్న డాంపర్‌కు మంట తగలకూడదు. మరిగే నీళ్ళు చాలు, బోరులో తడి లేకుండా తుడవాలి. చల్లటి క్రాంక్ తాకగానే వేడి దిగిపోతుంది కాబట్టి సగంలో పట్టేయవచ్చు. అందుకే పనిముట్టు సిద్ధంగా పెట్టుకోవాలి, చల్లారాక మళ్ళీ బిగించాలి.

ఎల్ఎస్1 వరస ఇలా ఉంటుంది. క్రాంక్ కొస శుభ్రం చేయాలి, ఆయిల్ కారకుండా ఆపే సీల్ ఆనేచోట ఇంజనాయిల్ రాయాలి. క్రాంక్ వెనక కొసనున్న ఫ్లైవీల్ కదలకుండా లాక్ చేయాలి. పనిముట్టుతో డాంపర్ నొక్కాక పాత బోల్టు వేసి 240 ఫుట్ పౌండ్లకు బిగించి, తీసేయాలి. ఇప్పుడు లోతు చూడాలి: క్రాంక్ కొస, హబ్ అంచు కంటే 2.4 నుంచి 4.48 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. అలా లేకపోతే డాంపర్ పూర్తిగా కూర్చోలేదు, పనిముట్టు మళ్ళీ పెట్టాల్సిందే. లోతు కుదిరాక కొత్త బోల్టు వేసి 37 ఫుట్ పౌండ్లు, ఆపైన 140 డిగ్రీలు తిప్పాలి. ఒక్క చుట్టుకు బోల్టు 2 మిల్లీమీటర్లు దిగుతుంది గనక ఆ 140 డిగ్రీలంటే 0.78 మిల్లీమీటర్ల ప్రయాణం. బోల్టు సాగేది అక్కడే, అందుకే ఒకసారి వాడింది చివరి బిగింపుకు పనికిరాదు. కొత్త బోల్టుకు డబ్బు దండగని పాతదే వేసే చోట్లే ఆయిల్ కారడం, బెల్టు ఊడడం మొదలవుతాయి.

ఇంజన్‌లోకి గాలిని బెల్టు బలంతో ఎక్కువగా నెట్టే సూపర్‌చార్జర్లు పెట్టడం పెరిగేకొద్దీ కీ లేని ఈ లోపం బాగా బయటపడింది. బెల్టు లాగుడుకు ఫ్యాక్టరీ బిగుతు చాలక డాంపర్ క్రాంక్ మీద జారింది. దానికి పుట్టిన ఉపాయమే పిన్నింగ్: క్రాంక్ కొసకూ హబ్‌కూ మధ్య గీత మీద, చెరి సగం తెగేలా రంధ్రాలు వేసి ఉక్కు పిన్నులు దింపడం. రేసుల్లో అయితే అమెరికా డ్రాగ్ రేసుల సంఘమైన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, 10.99 సెకన్లు లేదా అంతకంటే వేగంగా పావు మైలు దాటే కార్లకు ఎస్‌ఎఫ్‌ఐ (రేసు విడిభాగాల భద్రతా ప్రమాణాల సంస్థ) 18.1 ప్రమాణం ఉన్న డాంపర్‌నే అడుగుతుంది. ఆ ముద్ర డాంపర్ పగలకుండా ఉండడం గురించి. దాన్ని ఎంత బిగుతుగా ఎక్కించారో అది చూడదు.

పిన్ను జారుడును ఆపుతుందే కానీ పోయిన బిగుతును తిరిగి తేదు. ఒకసారి జారిన హబ్ బోరులో గీతలు పడి ఉంటాయి. దాన్ని కొలవకుండా పిన్ను కొట్టి వదిలేస్తే భారమంతా ఆ చిన్న పిన్నుల మీదే పడుతుంది. క్రాంక్ కొస మీద గీతలు చేతికి తగులుతుంటే పాలిష్ చేసి మళ్ళీ కొలవాలి, దానికి తగ్గ బోరుతో కొత్త డాంపర్ తెచ్చుకోవాలి.