రికార్డు లేని డీజే కూడా డీజేనే: కౌంట్ మచూకీ గురించి అపోహలు – వాస్తవాలు

జమైకా సంగీతమైన రెగేని భారీ బాక్సులతో డాన్సుల్లో మోగించే బృందాన్ని సౌండ్ సిస్టమ్, పొట్టిగా సౌండ్ అంటారు. అందులో మైకు పట్టాలని వచ్చేవాళ్లు పదే పదే అడిగేది ఒకటే: "నా పేరు మీద ఒక్క రికార్డూ లేదండీ, నన్నెవరు డీజే అంటారు?" ఆ బెంగ అర్థమవుతుంది. కానీ ఆ బెంగతోనే, పదిమంది ముందు నోరు విప్పడం రాకముందే స్టూడియోకి డబ్బు పోస్తున్నారు. అందుకే దాని సంగతే ముందు.

అపోహ: రికార్డులు లేకపోతే కెరీర్ లేనట్టే.

వాస్తవం: జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఈ పనికి దారి వేసిన మనిషి పేరు మీదే రికార్డులు చాలా అరుదు. ఆయన విన్‌స్టన్ కూపర్, అందరికీ కౌంట్ మచూకీ. 1950ల్లో మొదట టామ్ ది గ్రేట్ సెబాస్టియన్ సౌండ్‌లో, ఆ తర్వాత కాక్సన్ డాడ్ నడిపిన డౌన్‌బీట్‌లో మైకు పట్టాడు. జమైకాలో పాట పెట్టేవాడు సెలెక్టర్, ఆంప్లిఫయర్ చూసుకునేవాడు ఆపరేటర్, మైకులో మాట్లాడేవాడు డీజే. (మన బరాత్‌లో డీజే అంటే బాక్సులే కాబట్టి ఈ తికమక మనకు ఇంకో మెట్టు ఎక్కువ.)

అప్పట్లో సౌండ్‌కి ఒక్కటే టర్న్‌టేబుల్. రికార్డు మార్చే ఆ కాసేపట్లో జనం చల్లబడిపోతారు. ఆ ఖాళీని మచూకీ మాటలతో నింపాడు. అమెరికా రేడియో అనౌన్సర్ల ప్రాస మాటలు వంటబట్టించుకుని, వాటికి తన కింగ్‌స్టన్ వరస కలిపాడు. పాట నీరసంగా నడుస్తోందనిపిస్తే నోటితోనే "చిక్ చిక్" అని దరువు వేసేవాడు. డాన్సులో అది విని, అదే రికార్డు కొనుక్కుని ఇంటికెళ్లినవాళ్లు, ఆ దరువు ఇందులో లేదేమని వెనక్కి తెచ్చి ఇచ్చేసేవారట. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు.

మరి ఆ మాటలు రికార్డులకెందుకు ఎక్కలేదు? సౌండ్‌లలో మోగేవి ఎక్కువగా అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు. గాయకుడి గొంతు తీసేసిన ట్రాక్ అనేది లేదు. పాట ముందు, వాయిద్యం విరుపులో, పాటకీ పాటకీ మధ్య... డీజేకి దొరికే చోటు అంతే. 1960ల చివర్లో స్పానిష్ టౌన్ సౌండ్ యజమాని రడీ రెడ్‌వుడ్ కోసం నిర్మాత డ్యూక్ రీడ్ వాళ్ల ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఒక పాటను గొంతు లేకుండా డిస్క్ మీద చెక్కారు. డాన్సులో జనమే పాట అందుకుని పాడారు. ఇలా గొంతు తీసేసిన ట్రాకే 'వర్షన్'. దానికి ఊపు అక్కడ మొదలైంది. 1970లో యు-రాయ్ అదే స్టూడియోలో పాత రాక్‌స్టెడీ (రెగేకి ముందటి జమైకా సంగీతం) ట్రాక్‌ల మీద టోస్టింగ్ (తాళానికి తగ్గట్టు ప్రాసలో మాట్లాడటం) చేసి జమైకా చార్టుల పైకెక్కాడు. ఆ యు-రాయ్ మచూకీని విని తయారైనవాడే. డిస్క్ మీద డీజేకి చోటు దొరికేసరికి మచూకీ చేయాల్సిన పని చేసేశాడు.

కాబట్టి స్టూడియో తర్వాత. ముందు ఒక 7 అంగుళాల రికార్డు తీసుకుని, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో నోటికి వచ్చేదాకా పాట ఉన్న ఎ-సైడ్ వినండి. అప్పుడు తిప్పి, వెనక వైపున్న వర్షన్ పెట్టండి. నిమిషానికి 75 బీట్ల రిడిమ్‌లో (పాట కింద నడిచే డ్రమ్, బేస్ వరస) 4 బార్లంటే, బారుకి 4 బీట్ల లెక్కన, 12.8 సెకన్లు. మొదటి 4 బార్లు నోరెత్తకండి, జనం రిడిమ్ గుర్తుపట్టాలి. తర్వాత 4 బార్లు మాట, 2 బార్లు మౌనం. వర్షన్‌లో అక్కడక్కడ వదిలేసిన గాయకుడి గొంతు ముక్క వస్తే దానికి బదులివ్వాలి, దాని మీద పడిపోకూడదు. కొత్తవాళ్లు దొరికిన ప్రతి బీటూ నింపేస్తారు. బేస్ వినపడే సందే ఉండదు.

ఎకో కూడా లెక్కే. 75 దగ్గర ఒక బీటు 800 మిల్లీసెకన్లు. ఎకోని 400కో 600కో పెడితే తాళంలో పడుతుంది. 500 పెట్టారా, మాటా డ్రమ్మూ కొట్టుకుంటాయి. మైకు కుయ్యిమంటోందంటే ఆంప్లిఫయర్‌ని తిట్టకండి. చాలాసార్లు మైకు తలను గుప్పిట్లో మూసేసి ఉంటారు. అలా పడితే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాగేస్తుంది. చెయ్యి కిందికి జరిపి, బాక్సుల ముందు నుంచి వెనక్కి వచ్చి, మైకు ఛానల్లో 120 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని కోసేయండి.

అపోహ: డీజేకి రూపం ముఖ్యం.

వాస్తవం: పుట్టుకతోనే ముఖం వంకరపోయిన కింగ్ స్టిట్ తనను తానే 'అగ్లీ వన్' అని చాటుకున్నాడు. 1956లో డాన్స్ చేస్తున్న అతన్ని గమనించి మైకు ఇచ్చింది మచూకీయే. ఇంకేం చెప్పాలి?

అపోహ: రాప్ మొత్తం జమైకా నుంచే వచ్చింది.

వాస్తవం: కింగ్‌స్టన్‌లో పుట్టిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీతోనే, రాప్ పుట్టిన హిప్-హాప్ మొదలైందంటారు, అది నిజమే. కానీ మచూకీ నేర్చుకున్నదే అమెరికా రేడియో దగ్గర. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

అపోహ: లేబుల్ మీద పేరు లేకపోతే ఆ మనిషి అందులో లేడు.

వాస్తవం: పోటీ సౌండ్‌కి పాట పేరు తెలియకూడదని లేబుళ్లు గీకేసిన ఊరది. మచూకీ కోసం వెతికేవాళ్లు పేరు వదిలేసి 1960ల స్కా (రాక్‌స్టెడీకి ముందటి జమైకా సంగీతం) వాయిద్య పాటలు పెట్టుకోండి. హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని తాళాల జత) పక్కనే నోటితో వేసిన చిక్ చిక్‌లు వినిపిస్తాయి. ఆ రోజుల్లో వాటికి పేరు వేసేవారు కాదు. అన్నీ ఆయనవే అనుకోకండి, ఆ పద్ధతిని తర్వాత చాలామంది పట్టుకున్నారు.