ఒకే తల్లి గుడ్లు, రెండు గిన్నెల నీళ్లు

హనుమకొండ

బిడ్డలారా,

పిల్లల ఒడ్డూపొడుగూ, ఆరోగ్యం జన్యువుల వల్ల వస్తాయా, పెరిగే పరిసరాల వల్ల వస్తాయా అని బడిలో మీచేత వ్యాసాలు రాయిస్తుంటారు. ఆ ప్రశ్నలోనే చిక్కుంది. ఒకే సంచిలోని పత్తి గింజలు రేగడిలో ఒక తీరుగా, చెల్కలో ఇంకో తీరుగా కాస్తాయి. గింజ రకం మారిస్తే ఆ తేడా పెరగొచ్చు, తగ్గొచ్చు, ఒక్కోసారి తారుమారు కావచ్చు. అప్పుడు దిగుబడిలో గింజ వాటా ఎంత, నేల వాటా ఎంత అంటే ఏం చెబుతాం? ఈ రెండూ కలిసినచోట ఏం జరుగుతుందో చూడటానికి శాస్త్రవేత్తలకు బాగా పనికొచ్చిన ప్రాణుల్లో బుడ్డపరకంత చేప ఒకటుంది. పేరు జీబ్రా చేప.

మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒంటి మీద నీలపు చారలు. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లోని వాగులు, వరి మడులు దీని పుట్టిల్లు. 1981లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ చేసిన పనితో ఇది జన్యు పరిశోధనలోకి వచ్చింది. 2013లో దీని జన్యుక్రమం మొత్తం అచ్చయింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడు జన్యువులున్నాయని అందులో తేలింది. మన హైదరాబాద్‌లోని జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ ఈ చేపల మీద పరిశోధన సాగుతోంది.

దీని గొప్పతనం గుడ్డులో ఉంది. తల్లి కడుపు బయటే గుడ్డు ఎదుగుతుంది, పైగా అద్దంలా పారదర్శకం. 24 గంటలకల్లా కొట్టుకునే గుండె సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. ఒక జంట ఒక్క పొద్దున వందకు పైగా గుడ్లు ఇవ్వగలదు. అన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే.

గుడ్లు రాబట్టే పద్ధతి ఇది. 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి తప్పకుండా పాటిస్తారు. సాయంత్రం జల్లెడలాంటి అడుగున్న చిన్న తొట్టిలో ఆడ, మగ చేపల్ని వేసి మధ్యన అడ్డు పెడతారు. పొద్దున దీపం వెలగగానే అడ్డు తీస్తే గుడ్లు పెడతాయి. జల్లెడ లేకపోతే ఆ తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయి. జల్లెడ కిందికి జారిన గుడ్లను కడిగి, గిన్నెకు 50 చొప్పున మూత ఉన్న గాజు గిన్నెల్లో వేస్తారు. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు అతి కొద్దిగా కలుపుతారు. తెల్లబడినవి చచ్చిన గుడ్లు, వాటిని అదే రోజు ఏరెయ్యాలి. ఒక్కటి కుళ్లినా గిన్నె అంతా పాడవుతుంది.

ఇక వేడి. 28.5 డిగ్రీలు దీనికి ప్రామాణికం. 28.5 దగ్గర 24 గంటల్లో చేరే దశకు 25 డిగ్రీల్లో దాదాపు 30 గంటలు, 33 డిగ్రీల్లో 19 గంటలు చాలు. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. పరీక్షించాల్సిన మందేదో కలిపిన గిన్నె పొదిగే పెట్టెలో చల్లగా ఉండే మూలకు పడిందనుకోండి. దానిలోని పిల్లలు చిన్నగా కనిపిస్తే మందు దెబ్బ తీసిందని రాసేస్తారు. నిజానికి అవి వయసులో వెనకబడ్డాయి, అంతే. అందుకే గడియారం చూసి పోల్చరు, వెన్ను వెంట ఏర్పడే కండర ముక్కలు లెక్కపెట్టి ఒకే దశకు వచ్చిన పిల్లల్ని పోలుస్తారు. గిన్నెల స్థానాలు కూడా మార్చి మార్చి పెడతారు. వేడి ఇంకా చిత్రాలు చేస్తుంది: పిల్లలు వెచ్చటి నీళ్లలో పెరిగితే మగవాటి వంతు పెరుగుతుంది.

అసలు ప్రయోగానికి వద్దాం. పీడీజీఎఫ్ఆర్ఏ అనే జన్యువు ముఖపు ఎముకలు ఏర్పడటానికి కావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే దాని రెండు ప్రతుల్లో ఒకటి చెడినా, మామూలు నీళ్లలో పెరిగిన పిల్ల దాదాపు మామూలుగానే ఉంటుంది. మామూలు పిల్లను 1 శాతం ఆల్కహాల్ ఉన్న నీళ్లలో పెంచినా ముఖం చాలావరకు బాగానే ఉంటుంది. కానీ ఒక ప్రతి చెడిన పిల్లకు అదే ఆల్కహాల్ తగిలితే ముఖపు ఎముకలు దెబ్బతింటాయి. ఈ ఫలితం 2013లో అచ్చయింది. ఎవరి తప్పు, జన్యువుదా ఆల్కహాల్‌దా? ఏ ఒక్కటీ ఒంటరిగా ఆ పని చెయ్యలేదు.

ఇలాంటి ప్రయోగం కట్టే తీరు చూడండి. ఒక ప్రతి చెడిన చేపను మామూలు చేపతో జత కడితే పిల్లల్లో సగం ఒక రకం, సగం మరో రకం. 100 గుడ్లుంటే వాటిని విడదీయరు. కలగాపులగంగానే 50 మంచినీళ్లలో, 50 ఆల్కహాల్ నీళ్లలో వేస్తారు. ఒకే గిన్నెలో రెండు రకాలూ ఉంటాయి గనుక వేడి, ఇరుకు, నీటి గుణం రెంటికీ ఒకటే. ముందు ముఖాలు చూసి లోపాలు రాసుకుంటారు, తర్వాతే ఒక్కో పిల్ల డీఎన్ఏ పరీక్షించి ఏది ఏ రకమో తెలుసుకుంటారు. ముందే తెలిస్తే కన్ను పక్షపాతం చూపుతుంది.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు చెబుతాను. ఒక్కో గుంపులోని 25 పిల్లల్లో లోపమున్నవి: మామూలు రకం మంచినీళ్లలో 0, ఆల్కహాల్‌లో 2, చెడు ప్రతి రకం మంచినీళ్లలో 1, ఆల్కహాల్‌లో 15. రెండు ప్రభావాలూ విడివిడిగా పనిచేస్తే 2 కలుపు 1, మొత్తం 3 రావాలి. వచ్చింది 15. ఆ మిగులే వాటి కలయిక. ఒక్క గిన్నెతో దీన్ని నమ్మకండి. గిన్నెలో 50 చేపలున్నా ఆ గిన్నెకు వచ్చిన తేడా అందరిదీ ఒకటే, కాబట్టి వేరే జంటల గుడ్లతో, వేరే రోజుల్లో మళ్లీ చెయ్యాలి.

ఆల్కహాల్, మందులు ఇంట్లో ముట్టుకోకండి, అవి ప్రయోగశాల పనులు. మీరు చెయ్యగలిగింది ఒకటుంది. అక్వేరియం దుకాణంలో జీబ్రా చేపలు దొరుకుతాయి. కుళాయి నీళ్లు వెడల్పు గిన్నెలో ఒక రోజు నిలబెడితే చాలావరకు క్లోరిన్ పోతుంది. ఆ నీళ్లు గాజు తొట్టిలో పోసి, చేపను వదిలి, అడుగునా చుట్టూ బయట నల్ల కాగితం పెట్టి, అరగంట తర్వాత చేప రంగు చూడండి. తర్వాత తెల్ల కాగితం పెట్టి మళ్లీ అరగంటకు చూడండి. తెల్లదాని మీద చారలు పాలిపోతాయి, జన్యువులు మాత్రం అవే. కాగితాన్నే మార్చాలి గానీ చేపను వలతో పట్టి మార్చకూడదు, బెదిరినా రంగు మారుతుంది, ఏది దేనివల్లనో తెలియదు. మన వరంగల్ మే ఎండలో కిటికీ దగ్గర పెట్టకండి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి.

పని అయిపోయాక వాటిని భద్రకాళి చెరువులోనో ఇంకో కుంటలోనో వదలకండి. వద్దనుకుంటే దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యండి.

మీ
తాత