టికెట్ ఆర్టీసీది, బస్సు కంపెనీది

హైదరాబాద్ మియాపూర్‌లో ఎలక్ట్రిక్ బస్సెక్కి చూడండి. పైన ఆర్టీసీ పేరుంటుంది, టికెట్ కొట్టే కండక్టర్ కూడా ఆర్టీసీ మనిషే. స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్ మాత్రం కంపెనీ మనిషి. బస్సూ కంపెనీదే. కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడుతుంది. జనం కిక్కిరిసినా, సీట్లు ఖాళీగా ఉన్నా ఆ రేటు మారదు. 2019 మార్చిలో 40 బస్సులతో నగరంలో ఈ పద్ధతి మొదలైంది. సర్కారు పనిని ప్రైవేటు కంపెనీ చేస్తే లాభనష్టాలు ఎవరివన్న పేచీ మాత్రం అంతకంటే పాతది.

1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గు కరెంటు కేంద్రం నిజాం సర్కారు ఖర్చుతోనే వచ్చింది. ఆ తర్వాత చాన్నాళ్లు కరెంటంటే సర్కారు పనే. 1990ల్లో ప్రైవేటు కంపెనీలు ఉత్పత్తిలోకి దిగాయి. 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. ఆపై ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురి ప్రాణాలు పోయాయి. ప్రైవేటు ఒప్పందం అనగానే ‘చివరికి ఎవరి జేబుకు చిల్లు?’ అని ఇక్కడివాళ్లు అడగడంలో ఆ రోజు పాత్ర ఉందనే నా అనుమానం.

2004లో కొండాపూర్ వైపు పర్యావరణ హిత భవనంగా వచ్చిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు అలాంటి గొడవేమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమల సమాఖ్య సీఐఐ, గోద్రెజ్ ఫౌండేషన్ చేతులు కలిపి కట్టిన భవనమది. అబ్దుల్ కలాం ప్రారంభించారు.

అసలు పాఠం మెట్రో నేర్పింది. 2008లో టెండర్ గెలిచిన మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి పైసా అడగలేదు సరికదా, ఎదురు 30 వేల కోట్లకు పైగా తామే కడతామంది. మెట్రో కట్టి ఎదురు డబ్బులివ్వడమేంటని ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ లాంటి అనుభవజ్ఞులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2009 జనవరిలో, మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్‌లో దొంగలెక్కల కుంభకోణం బయటపడింది, ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది. రెండోసారి ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి 2010 సెప్టెంబరులో సంతకం చేసింది. టికెట్లతో పాటు మాల్స్, ఆఫీసుల అద్దెలూ వస్తాయన్నది లెక్క. రైళ్లు 2017 నవంబరులో మొదలయ్యాయి. ఆ ఒప్పందంలో ప్రయాణికులు తగ్గితే దెబ్బ కంపెనీదే. 2020లో కరోనాకు నెలల తరబడి రైళ్లు ఆగాయి, అప్పు మాత్రం ఆగలేదు. 2025 సెప్టెంబరులో సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మొదటి దశను తీసుకోవడానికి ప్రభుత్వమే ఒప్పుకుంది.

బస్సుల ఒప్పందంలో ఆ బరువు అటు నుంచి ఇటు మారింది. కంపెనీకి కిలోమీటర్ల లెక్కన డబ్బు గ్యారంటీ, టికెట్ల టెన్షన్ ఆర్టీసీకి. ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 బస్సులదీ ఇదే పద్ధతి.

ఇంకో సంగతి. రాత్రి డిపోలో బస్సులు ఛార్జింగ్‌కు పెట్టే వేళకు సోలార్ ఉండదు, లైన్లలో వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. 2030కల్లా మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో విధానం ప్రకటించింది. అందులోనూ పెట్టుబడిలో సింహభాగం ప్రైవేటు నుంచే రావాలి. పగటి ఎండను రాత్రి దాకా దాచే బ్యాటరీల ఖర్చు ఎవరి పద్దులో పడుతుందో ఆ ఒప్పందాల్లోనే తేలాలి.