లంక గ్రామంలో సర్పంచ్ ఎన్నిక: అపోహలు – వాస్తవాలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల మధ్య లంకల్లో పంచాయతీ ఎన్నిక వచ్చిందంటే మాటలన్నీ వంతెన చుట్టూనే తిరుగుతాయి. సర్పంచ్ చేతిలో నిజంగా ఉండేవి రేవు, తాగునీరు, వరదకు ముందు చేసుకునే ఏర్పాట్లు. ఓటడగడానికి వచ్చినవారిని వీటి గురించే నిలదీయాలి.

అపోహ: సర్పంచ్ గట్టివాడైతే వంతెన తెస్తాడు.
వాస్తవం: నదీపాయ మీద వంతెన మంజూరు చేసేది ప్రభుత్వం. ఏటిగట్టు, ఒడ్డు కోతకు అడ్డుకట్టగా వేసే రాతి కట్టడం (రివెట్‌మెంటు) జలవనరుల శాఖవి. పంచాయతీ తీర్మానం చేసి పంపగలదు, అంతే. పంచాయతీలకు వచ్చే కేంద్ర నిధుల విషయంలో 15వ ఆర్థిక సంఘం (2021–26) 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని నియమం పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గానీ, అందులోంచి జీతాలు ఇవ్వకూడదని చెప్పింది.

అపోహ: రేవు పాట (పడవ నడిపే హక్కుకు వేలం) ఎంత ఎక్కువకు పోతే ఊరికి అంత లాభం.
వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే ఆలోచన. పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి పాటదారు ప్రతి ట్రిప్పుకూ జనాన్ని, మోటారు సైకిళ్లను కుక్కుతాడు. పంచాయతీ పాట పెట్టే రేవుకు షరతులు రాసేది పంచాయతీయే కాబట్టి వాటిలో ఇవి ఉండి తీరాలి: పడవ పక్కకు రంగుతో బరువు గీత, గీత మునిగితే పడవ కదలకూడదు, ఎక్కినవారందరికీ లైఫ్‌జాకెట్లు, పిల్లల సైజువి విడిగా, ఈదురుగాలిలోనూ చీకటి పడ్డాకా రాకపోకలు బంద్, మాట తప్పితే డిపాజిట్ జప్తు. పడవ అడుగున మూటకట్టి పడేసిన జాకెట్లు లేనట్టే లెక్క.

అపోహ: వరద మొదటి హెచ్చరిక పడ్డాక సర్దుకోవచ్చు.
వాస్తవం: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. పల్లంలో ఉన్న కాజ్‌వేలు (పాయ దాటే ఎత్తు తక్కువ రోడ్లు) మొదటిదానికి ముందే మునిగిపోవచ్చు. అందుకే ఎగువన ఉన్న భద్రాచలం దగ్గర నీటిమట్టం చూస్తూ ఉండాలి. అక్కడ 43, 48, 53 అడుగులు హెచ్చరిక గుర్తులు. 2022 జూలైలో అక్కడ నీరు 71 అడుగులు దాటింది. ఆనాడు మన ఊళ్లో వరద వచ్చిన ఎత్తును బడి గోడ మీద రంగుతో గీయించి, బోరు స్టార్టర్ బాక్సును ఆ గీతకు పైన బిగించాలి. వరదల కాలంలో నెలలు నిండే గర్భిణుల జాబితా మే నెలాఖరుకే సిద్ధం కావాలి. పశువులకు ఎండుగడ్డి కూడా లెక్కగట్టాలి: గేదెకు రోజుకు 6 కిలోల చొప్పున 50 గేదెలకు వారానికి 2,100 కిలోలు. దాన్ని లంకలో కాదు, ఏటిగట్టు మీద వామి వేయాలి.

అపోహ: వరద తీశాక బావిలో బ్లీచింగ్ చల్లితే చాలు.
వాస్తవం: పొడిని నేరుగా చల్లితే సున్నం నీళ్లలో కలుస్తుంది, మందు సమంగా పట్టదు. ముందు నీటిని కొలవాలి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరు ఉన్న బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. తేటనీటికైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి పొడి, అంటే ఈ బావికి దాదాపు 24 గ్రాములు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైతేటను మాత్రమే బావిలో కలపాలి. బురద నీరు క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి ముందు తోడించాలి. గంట తర్వాత క్లోరోస్కోప్‌తో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూసే పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్లీ వేయాలి. మూతి విప్పి ఉంచిన పాత సంచిలోని పొడికి బలం పోతుంది. పొడి వేశామన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు. కొత్త సంచులు వరదకు ముందే లంక చేరాలి, దారి తెగాక తేవడం కష్టం.

అపోహ: గ్రామసభ తీర్మానాలు కాగితాలకే పరిమితం.
వాస్తవం: ‘కోత ఆపాలి’ అని రాస్తే అవి అలాగే మిగులుతాయి. సర్వే నంబరు, ఎన్ని మీటర్ల పొడవున గట్టు విరిగింది, ఒడ్డుకు ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి, తేదీ వేసిన ఫోటో, ఇవన్నీ జతచేస్తే ఇంజనీరు అంచనా వేయగలడు. కొలత టేపు పట్టుకుని ఒడ్డు వెంట నడిచే సర్పంచ్ కావాలి.